పెండ్లి తానానికి ముందు

మా అత్తమ్మ సర్పంచ్ అయిన కొత్తలో ఊరంతా మామయ్యకు దండం పెట్టేది. సీటు ఆడవాళ్ళకు రిజర్వ్ అయింది కాబట్టి నిలబడింది ఆమె, ఓట్లు పడింది ఆమెకు, ప్రమాణం చేసింది కూడా ఆమే. అయినా పొద్దున్నే వాకిట్లోకి వచ్చినవాళ్ళు చాటలో బియ్యం ఏరుకుంటున్న ఆమెను దాటుకొని పోయి, అరుగు మీద కుర్చీలో కూర్చున్న మామయ్య ముందు చేతులు కట్టుకొని నిలబడేవారు. "సర్పంచ్ సాబ్, మా బజార్ల లైటు ఎలుగుతలేదు" అనేవారు. మామయ్య మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమస్తాగా చేసి వచ్చిన మనిషి. ఎప్పుడూ తెల్ల చొక్కా, జేబులో పెన్ను. ఆ పిలుపు వింటే ఆయన మొహం వెలిగిపోయేది. "సూద్దాం తీ" అని తల ఊపేవాడు.

అత్తమ్మ కొన్నాళ్ళు ఏమీ అనలేదు. ఒకరోజు నలుగురు అట్లాగే నిలబడి ఉండగా చాట పక్కన పెట్టింది. "సర్పంచ్ సాబూ, లైటు ఎలుగుతలేదంట. నిచ్చెన గాడ గోడకున్నది, జర ఎక్కి సూడు" అంది. అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. మర్నాటి నుంచి వచ్చినవాళ్ళు ముందు ఆమె మొహం చూడటం నేర్చుకున్నారు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో టీచర్ని. ఈమధ్య ఆరో తరగతిలో, న్యాయంగా తీర్పులు చెప్పే ఒక రాజు పాఠం చెబుతుంటే ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి, "టీచర్, మీరు ఎప్పుడన్న రాజును చూసిన్రా?" అని అడిగింది. క్లాసంతా గొల్లుమంది. నేను మాత్రం, "చూశాను. చాటలో బియ్యం ఏరుతుండేది" అన్నాను. వాళ్ళకు అర్థం కాలేదు. బెల్లు కొట్టారు. చెప్పలేకపోయిన మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను కోదాడ వైపు దాన్ని. చిలుకూరు మండలంలో పుట్టి, వేములపల్లి పక్కన ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు, నా యాసకు బజారులో పిల్లలు నవ్వేవారు. అత్తమ్మను మొదటిసారి "అత్తయ్యగారూ" అని పిలిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "గారు గీరు ఒద్దు బిడ్డా, నాకు భయమైతది. అత్తమ్మ అను, సాలు" అంది. నాకు కోపం ఎక్కువ, నోరు అంతకన్నా ఎక్కువ. స్కూల్లో, ఇంట్లో, బస్సులో ఎక్కడైనా అవతలివాళ్ళ మాట పూర్తి కాకముందే నా జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆమె దగ్గర మాత్రం ఆ నోరు దానంతటదే నెమ్మదించేది. ఆమె అంటే నాకు ప్రేమ. అత్తగారి మీద ప్రేమ అంటే మా స్టాఫ్ రూములో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ.

ముందు ఇళ్ళ సంగతి చెప్పాలి, లేకపోతే ఏదీ అర్థం కాదు. మా ఇల్లు పెద్ద బజారు వైపు. మా పెరటి గోడకు అవతల ఇంకో ఇల్లు. దాని వాకిలి వెనక బజారులోకి తెరుచుకుంటుంది. ఆ ఇంటాయన సీజన్లో వరికోత మిషన్ నడుపుతాడు, మిగతా రోజుల్లో ఆటో. ఆయనకు ఒక్కతే కూతురు. వాళ్ళ పక్కిల్లు, అదే వెనక బజారులో, అవ్వది. అవ్వ మాకు చుట్టం కాదు, వాళ్ళకూ చుట్టం కాదు. బజారందరికీ అవ్వ.

మా పెరటి గోడకు పెద్ద చరిత్ర ఉంది. అవతలివాళ్ళ మేకలు వచ్చి మా కరివేపాకు చెట్టు తిన్నాయని మామయ్య మొదట నడుమెత్తు గోడ కట్టించాడు. మేకలు దూకాయి. ఛాతీ ఎత్తుకు లేపాడు. మేకలు ఆగాయి గానీ మాటలు దూకడం మొదలైంది. దాంతో మనిషెత్తు చేసి, పైన పచ్చి సిమెంటులో పగిలిన సీసాల గాజు పెంకులు వరసగా గుచ్చాడు. సాయంత్రం ఎండ పడి ఆ పెంకులు మెరుస్తుంటే కుర్చీ వేసుకొని చూసుకునేవాడు. ఆ ఆటో ఆయనకూ మామయ్యకూ మాటల్లేవు. మాటలు లేవంటే పూర్తిగా లేవని కాదు, గోడకు వినపడేట్టు ఎవరిది వాళ్ళు అనుకునేవారు.

ఆటో ఆయన కూతురు పెరిగింది అవ్వ దగ్గరే. తల్లీ తండ్రీ నాట్లకూ కోతలకూ పోతే, పసిపిల్లను అవ్వ గడప మీద దించి పోయేవారు. అవ్వ అన్నం పెట్టేది, తిట్టేది, చెక్క దువ్వెనతో తల దువ్వి రెండు జడలు వేసి బడికి పంపేది. తర్వాత్తర్వాత అవ్వ చేతులు పైకి లేవకుండా అయ్యాయి. అప్పటి నుంచి ఆ పిల్లే అవ్వకు దువ్వడం మొదలుపెట్టింది. మిర్యాలగూడలో డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం బస్సు దిగి, భుజం మీద సంచి తీయకుండానే అవ్వ వెనక కూర్చొని అదే దువ్వెన అందుకునేది. నేను స్కూలు నుంచి ఆ బజారు మీదుగా వచ్చేటప్పుడు రోజూ చూసేదాన్ని. పల్చటి తెల్ల జుట్టు, చిటికెన వేలంత జడ. "నా లగ్గం నాటికి గీడిదాక ఉండె" అని అవ్వ తన నడుము కింద చెయ్యి పెట్టి చూపించేది.

ఆ పిల్లకు తిరుమలగిరి వైపు సంబంధం కుదిరినప్పుడు అందరూ సంతోషపడ్డారు, అవ్వ తప్ప. "తిరుమలగిరంటే నీళ్ళ కరువు జాగ గదనే. గింత జుట్టేసుకొని తలకెట్ల పోసుకుంటవ్?" అని ఒకటే పరేషాన్. బోరు ఉందట అవ్వా అని పిల్ల చెబితే, "బోరు ఎండిపోదా?" అనేది. కాలువ నీళ్ళ కింద బతికినవాళ్ళకు బోరంటే నమ్మకం తక్కువ.

పెండ్లికి ముందురోజు పొద్దున వాళ్ళ వాకిట్లో పచ్చని పందిరి వేశారు. పిల్లకు పసుపు పెట్టారు. మధ్యాహ్నం అవ్వ వచ్చి, దూరంగా కూర్చొని అన్నం తిని, పోయి పడుకుంది. మళ్ళీ లేవలేదు.

అవ్వ పెద్దకొడుకు కేక మా పెరట్లోకి వినిపించింది. అత్తమ్మ చేతిలో గిన్నె అట్లాగే వదిలేసి పరిగెత్తింది. అవ్వకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురు సూరత్‌లో ఉంటుంది, మొగుడు బట్టల మిల్లులో పని. ఫోన్లో ఆమె ఏడుస్తూ ఒకటే మాట చెప్పింది. "నేనొచ్చేదాక అమ్మను ఉంచుండ్రి. మొహం సూడకుంట తీస్కపోతే మల్ల మీ గడప తొక్క." రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక గానీ ఆమె ఊరు చేరదు. కొడుకులు మిర్యాలగూడ నుంచి ఫ్రీజర్ డబ్బా తెప్పించారు.

పెండ్లి ముహూర్తం మర్నాడు పదకొండు దాటాక. శవం లేచేదాకా ఆ బజారులో పొయ్యి రాజేయరు. శవం ఉన్న వాకిలి ముందు నుంచి పెండ్లివాళ్ళు రారు. పెండ్లికొడుకు ఇంటికి కబురు అందిన కాసేపటికే అటు నుంచి ఫోన్ వచ్చింది. "పొద్దుగాల వరకు బజారు సాఫ్ కావాలె. కాకుంటే ఇప్పుడొద్దు, ఇంకో ముహూర్తం సూసుకుందం" అన్నారు. ఇంకో ముహూర్తం అన్న మాటకు అర్థం ఏమిటో ఆ బజారులో అందరికీ తెలుసు. పీట దాకా వచ్చి ఆగిన పెండ్లి, శవం అడ్డం వచ్చిన పెండ్లి. ఇగ ఆ పిల్లను చూసిన ప్రతివాళ్ళూ అదే తలుచుకుంటారు. అపశకునం పిల్ల అని పేరు పడితే ఎవరు చెరిపేస్తారు?

పొద్దు వాలుతుండగా రెండు ఇళ్ళవాళ్ళూ అరుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చారు. వెనకాల సగం ఊరు.

"మా అమ్మను చెత్తలెక్క ఎత్తెయ్యమంటుండు అక్కా! చెల్లె రావొద్దా? అమ్మ మొహం సూడొద్దా?" అన్నాడు అవ్వ పెద్దకొడుకు. ఆయనకు యాభై దాటాయి, గొంతు పిల్లవాడిలా వణుకుతోంది.

"నేను గట్లన్ననా? అవ్వ నాకు మాత్రం అమ్మ గాదా? కానీ నా బిడ్డ బతుకేం గావాలె?" అన్నాడు ఆటో ఆయన. ఆయన కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

ఇక సలహాలు మొదలయ్యాయి. వీడియో కాల్‌లో చూపిస్తే సరిపోతుంది కదా అన్నాడొకాయన. చిట్టీలు వేద్దాం అన్నాడు ఇంకొకాయన. నేను ఊరుకుంటానా? మిర్యాలగూడలో ఏదన్నా ఫంక్షన్ హాల్ మాట్లాడుకుంటే పోతుంది, దీనికింత గొడవెందుకు అన్నాను. లగ్గాల సీజన్‌లో రేపటికి హాలు ఎవడిస్తాడని ఒకరు, వేసిన పందిరి వదిలి పెండ్లి ఇంకోచోట చేస్తారా అని ఇంకొకరు నా మీద పడ్డారు. మామయ్య కుర్చీలోంచి లేచి, "ఊరికి పెద్దలు జెప్పినట్టు ఇనాలె" అన్నాడు. పెద్దలు ఏం చెప్పారో మాత్రం చెప్పలేదు.

అత్తమ్మ అరుగు అంచున కూర్చొని అందరినీ మాట్లాడనిచ్చింది. నాకు అదే చిరాకు. ఎవరో ఒకరిని ఆపాలి కదా, ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆమె చెప్పలేదు. అరిచి అరిచి వాళ్ళు అలిసిపోయాక అవ్వ కొడుకు వైపు తిరిగింది.

"నీకేం గావాలె తమ్మీ? గది ఒక్కటే జెప్పు."

"చెల్లె వచ్చేదాక అమ్మ ఇంట్ల ఉండాలె. గంతే."

ఆటో ఆయన వైపు తిరిగింది. "నీకు?"

"ముహూర్తానికి నా బిడ్డ మెడల పుస్తె పడాలె. గంతే అక్కా."

"మరి దీంట్ల కొట్లాట ఏడున్నది?" అంది అత్తమ్మ. "ఆయన నీ బిడ్డ పెండ్లి ఆపుమంటలేడు. నువ్వు వాళ్ళను ఏడువొద్దంటలేవు. చిట్టీ ఏస్తే ఒకరు ఓడుతరు. ఎవరోడాలె? కొట్లాట మీ ఇద్దరికి గాదు. కొట్లాటంతా ఆ బజారు తోవతోని."

అని వెనక్కి తిరిగి మా పెరటి వైపు చూసింది. ఆమె చూపు వెంట మేమందరం చూశాం. సాయంత్రం ఎండలో గాజు పెంకులు మెరుస్తున్నాయి.

మామయ్యకు అందరికన్నా ముందు అర్థమైంది. "ఏయ్, ఒద్దు. గది నా గోడ" అన్నాడు.

"నీదే. గందుకే అడుగుతున్న. సర్పంచ్‌గ గాదు, ఒట్టిగనే అడుగుతున్న. ఒక మనిషి పట్టేంత సందు జాలు. పెండ్లోళ్ళు మన బజారు నుంచి, మన వాకిట్లకెళ్ళి ఆళ్ళింట్లకు పోతరు. వెనక బజారు తొక్కరు. వంట మన పెరట్ల."

"మల్ల కట్టిచ్చేదెవరు?"

"నేను."

"గాజు పెంకులతోనా?"

"గాజు పెంకులతోనే."

ఊరంతా చూస్తోంది. నవ్వితే మామయ్య మొండికేస్తాడని తెలిసి ఎవరూ నవ్వలేదు. మామయ్య తలగీరుకున్నాడు, చొక్కా జేబులో పెన్ను సర్దుకున్నాడు. చివరికి గడ్డపార తెమ్మన్నాడు. ఆటో ఆయన ముందుకు వస్తే, "నా గోడను నువ్వు ముట్టకు" అన్నాడు. "అటు దిక్కు పో, అటు దిక్కునుంచి కొట్టు" అన్నాడు. ఆ మాట నేరుగా ఆయన మొహం చూసి అన్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అదే.

చీకటి పడకముందే గోడలో సందు పడింది. గోడ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పెండ్లి అయిన మర్నాడే అత్తమ్మ మాట ప్రకారం ఇటుకలు దింపించింది. పిల్ల పదహారు రోజుల పండుగకు వస్తుంది కదా, అప్పటిదాకా ఆగుదాం అన్నాడు మామయ్య. తర్వాత బోనాలన్నాడు. తర్వాత ఆటో ఆయన తెచ్చిన ఒక పాత తలుపు ఆ సందుకు సరిగ్గా సరిపోతుందో లేదో చూద్దాం అన్నాడు. మేకలు ఇప్పటికీ వస్తాయి, మామయ్య ఇప్పటికీ తిడతాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ రెండు ఇళ్ళకూ షరతులు చెప్పింది. పెండ్లివాళ్ళు డీజే పెట్టొద్దు, సన్నాయి ఒక్కటే, అది కూడా పందిట్లోనే. వెనక బజారు వైపు పందిరికి పరదా కట్టాలి. అవ్వ కొడుకులు డప్పులు పుస్తె కట్టాకనే, పాడె లేచేటప్పుడే కొట్టించాలి. ఏడుపు గురించి ఎవరో అడిగారు. పుస్తె కట్టే టైముకైనా ఏడుపు ఆపమంటే బాగుంటుందేమో అన్నారు. అత్తమ్మ ఆయన వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. "ఏడుపుకు టైం పెట్టేటందుకు నేనెవరు?" అంది. ఆ సందు దగ్గర ఒక నీళ్ళ డ్రమ్ము పెట్టించింది. రెండు ఇళ్ళకూ కావలసినవాళ్ళే సగం బజారు. చావింటి నుంచి పెండ్లింటికి ఎవరు వచ్చినా అక్కడ కాళ్ళు కడుక్కొని రావాలి.

అందరూ సరే అన్నారు. పెండ్లికొడుకు వాళ్ళకు ఫోన్ చేస్తే, ఆ బజారు తొక్కకపోతే మాకేం అభ్యంతరం లేదన్నారు. తగవు తీరిపోయిందనుకొని నేను లోపలికి పోయి టీ పెట్టబోయాను. అత్తమ్మ మాత్రం సందులో నుంచి అవతలి ఇంట్లోకి నడిచింది. నేను కూడా వెనకే పోయాను.

పెండ్లిపిల్ల లోపలి గదిలో గోడకు ఆనుకొని కూర్చుంది. చేతులకూ మొహానికీ పసుపు. ఆ పసుపు మీద కన్నీళ్ళు కారి చారలు కట్టాయి. చుట్టూ ఆడవాళ్ళు. పెండ్లిపిల్ల ఏడవకూడదని ఒకరు, పక్కింటి వైపు చూడకూడదని ఒకరు.

అత్తమ్మ ఆమె ముందు చతికిలబడింది. "అందరినడిగిన. నిన్నెవరన్న అడిగిండ్రా బిడ్డా? నీకేం గావాలె?"

పిల్ల తల ఎత్తలేదు. "అవ్వను సూడాలె పెద్దమ్మా."

గదిలో ఒక్కసారిగా గోల. పిల్ల మేనత్త అడ్డం వచ్చింది. "ఒంటి మీద పసుపున్న పిల్ల శవాన్ని సూస్తదా? ఏడన్న ఉన్నదా? ఏమన్న అయితే జిమ్మేదారెవరు?" ఆ మేనత్త చెడ్డది కాదు. మేనకోడలి బతుకు గురించి భయం, అంతే. కానీ నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు తల దువ్వి పెంచిన మనిషిని కడసారి చూడొద్దా, ఇదేం ఆచారం అని అరవబోయాను. అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సావుకు పోయొస్తే ఏం జెయ్యాలె వదినె?" అని మేనత్తను అడిగింది, నిజంగా తెలియనట్టు.

"తానం జెయ్యాలె."

"తానం జేస్తే?"

"అంటు పోతది."

"రేపు పొద్దుగాల పెండ్లిపిల్లకు ఏం జేపిస్తరు?"

జవాబు అందరికీ తెలిసిందే. పెండ్లి తానం.

"గా తానానికి ముందు పోయొస్తది" అంది అత్తమ్మ. "మీరెట్లాగు నీళ్ళు పోస్తరు. తలంటు పోస్తరు, నిన్నటి పసుపు పోతది, కొత్త పసుపు పెడ్తరు. అవ్వ అంటు దాంట్లనే పోతది. గీ ఆచారం నేను కొత్తగ తెచ్చిందేం గాదు, మనదే."

పిల్ల తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకొని, మీ పెరట్ల నీళ్ళు నేనే కాగబెడతా అంది. మేనత్త మాత్రం, "తలుపు కాడనే నిలవడి రావాలె మరి" అంది. అప్పటికి అత్తమ్మ లేచి చీర సర్దుకుంటోంది. ఆ షరతు ఆమెకు వినపడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

తెల్లవారుతుండగా నన్ను లేపి, పిల్లను నువ్వే తీసుకుపో అంది. నేను, ఆ పిల్ల, ఇద్దరమే వెళ్ళాం. అవ్వ కొడుకులు గుమ్మంలో లేచి నిలబడ్డారు. నిన్న అంత అరిచిన పెద్దకొడుకే ఫ్రీజర్ డబ్బా మూత తీశాడు. పిల్ల తలుపు దగ్గర నిలబడింది. అవ్వ జుట్టు పడుకున్నప్పటి లాగే చెదిరి, మొహం మీద పడి ఉంది. పిల్ల నా వైపు చూసింది. ఏం చెయ్యాలో చెప్పాల్సిన పెద్దదాన్ని నేనే. నేను తల అటు తిప్పి గూట్లో ఉన్న దువ్వెన చూశాను. ఆ పిల్ల కూడా చూసింది.

లోపలికి వెళ్ళి, ఎప్పటిలాగే అవ్వ తల వెనక కూర్చుంది. మెల్లగా, చిక్కు పడిన చోట వేళ్ళతో విడదీస్తూ దువ్వింది. చిటికెన వేలంత జడ వేసి, చివర తన జడలోని దారం తీసి కట్టింది. "బోరు ఎండిపోలేదంట అవ్వా" అంది చిన్నగా. "మొన్ననే ఫోన్ల జెప్పిండు." నాకు ఏడుపు ఆగలేదు. నేను అక్కడికి ఎవరినో ఓదార్చడానికి పోయినదాన్ని, గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. చివరికి ఆ పిల్లే నన్ను చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది.

పెండ్లి తానానికి మొదటి చెంబు అత్తమ్మ పోసింది. నీళ్ళతో పాటు నిన్నటి పసుపూ కన్నీళ్ళ చారలూ కొట్టుకుపోయాయి.

పెండ్లి బాగా జరిగింది. బస్సు మా బజారులో ఆగింది, పెండ్లివాళ్ళు మా వాకిట్లోకి వచ్చి, గాజు పెంకుల గోడలో సందు చూసి ఇదేం దర్వాజా అని నవ్వుకుంటూ అవతలికి దూరారు. లావుగా ఉన్న ఒకాయన కోసం మామయ్య ఇంకో రెండు ఇటుకలు ఊడదీశాడు. పుస్తె కట్టేటప్పుడు సన్నాయి మోగింది. పరదా అవతల కాసేపు ఏడుపు వినపడలేదు. ఎవరూ ఆపమనలేదు, వాళ్ళే ఆపారు.

అవ్వ కూతురు మధ్యాహ్నం భోజనాలు అయిపోయాక వచ్చింది. ఆటో దిగి పరిగెత్తుతూ పోయిన ఆమె ఏడుపుకు బజారంతా బయటికి వచ్చింది. ఇటువైపు అప్పగింతలు మొదలయ్యాయి. ఇటు తల్లి ఏడుపు, అటు కూతురు ఏడుపు. మా పెరట్లో నిలబడి వింటే ఏది ఎవరిదో తెలియలేదు.

పెండ్లిపిల్ల బస్సెక్కడానికి సందు దాటి మా పెరట్లోకి వచ్చింది. కొంగుముడితో ముందు పెండ్లికొడుకు, పక్కన అతని తల్లి. అంతలో మా వాకిలి వైపు నుంచి అవ్వ కూతురు వచ్చింది. చుట్టూ తిరిగి, పెద్ద బజారు మీదుగా వచ్చింది. జుట్టు విరబోసుకొని ఉంది. జనం పక్కకు తప్పుకున్నారు. ఆమె దూరంగానే ఆగింది. చావు అంటు ఉన్న మనిషి పెండ్లిపిల్లకు ఎంత దూరంలో నిలబడాలో ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేదు.

"మా అమ్మకు జడేసింది నువ్వేనంట గదా" అంది. పిల్ల తల ఊపింది.

ఆమె కొంగులోంచి చెక్క దువ్వెన తీసి, చెయ్యి చాచింది. అట్లాగే నిలబడింది. చావింటి వస్తువు పెండ్లిపిల్ల చేతికి ఎట్లా ఇస్తారు? మేనత్త పెండ్లికొడుకు తల్లి మొహం చూసింది. పెండ్లికొడుకు తల్లి ఆ దువ్వెననే చూస్తోంది. పిల్ల చెయ్యి కొంచెం లేచి, మళ్ళీ కిందికి దిగింది. పొద్దుటి నుంచి ఇంత జాగ్రత్తగా నడిపించిన పెండ్లి, చివరి నిమిషంలో ఒక దువ్వెన దగ్గర తెగిపోతుందేమో అనిపించింది.

అత్తమ్మ పోయి ఆ దువ్వెన తీసుకుంది. సందు దగ్గరి డ్రమ్ములో, అందరికీ కనపడేట్టు చేతిని మోచేతి దాకా ముంచింది. పళ్ళ మధ్య వేలు పెట్టి ఇటు పక్కా అటు పక్కా రుద్దింది. రెండు మూడు తెల్ల వెంట్రుకలు నీళ్ళ మీద తేలాయి. పైకి తీసి విదిలించి, పిల్ల ముందు పట్టుకుంది.

"కడిగిన" అంది.

పిల్ల పెండ్లికొడుకు తల్లి వైపు చూసింది. ఆమె తన భుజానికున్న సంచి జిప్పు తెరిచి పట్టుకుంది. "దీంట్ల ఎయ్యి బిడ్డా. చేతుల పట్టుకుంటే బస్సుల ఏడన్న పడిపోతది" అంది.

బస్సు పెద్ద బజారు మలుపు తిరిగాక వెనక బజారులో డప్పులు మొదలయ్యాయి. అత్తమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని అటు నడిచింది. నేను కూడా వెనకే పోయాను.